ఆరేళ్లుగా నా డిక్కీలో ఉన్న ప్లస్ పానా

బిగుసుకుపోయిన నట్టు ఒక్కసారిగా వదిలినా మనిషి తూలి పడడు. ఈ వీల్ పానా మీద నాకున్న ఇష్టమంతా ఈ ఒక్క గుణం వల్లే. ప్లస్ గుర్తులా నాలుగు చేతులు, నాలుగు చివరల్లో నాలుగు సైజులు. ప్రతి పంక్చర్ దుకాణంలోనూ కనిపించే వస్తువే కాబట్టి అంతకు మించి వర్ణించను.

నేను రోజూ నల్లగొండ నుంచి మిర్యాలగూడకు కారు నడుపుకుంటూ వెళ్లి, ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. నా బరువు 52 కిలోలు. ఈ లెక్కలో ఆ సంఖ్య కూడా ముఖ్యమే.

ఇది కొనకముందు నా దగ్గర కారుతో పాటు ఇచ్చిన ఎల్ ఆకారపు రాడ్డే ఉండేది. ఓ మే నెల మధ్యాహ్నం తిప్పర్తి దాటాక వెనక ఎడమ టైరు పంక్చరైంది. అంతకు వారం ముందే ఒక దుకాణంలో టైర్లు మార్పించాను. వాళ్లు గాలి గన్నుతో నట్లు బిగించి వదిలేశారు. ఎంత బిగించారంటే, రెండు చేతులతో నొక్కినా రాడ్డు కదల్లేదు. చివరికి దాని మీదకెక్కి నిలబడ్డాను. రాడ్డు పొడవు 28 సెంటీమీటర్లు, నా బరువు సుమారు 510 న్యూటన్లు. గుణిస్తే నట్టును తిప్పే ప్రభావం, అంటే భ్రామకం, దాదాపు 143 న్యూటన్ మీటర్లు. మొదటి నట్టు వదిలింది. రెండోదాని దగ్గర రాడ్డు నట్టు మీద నుంచి జారి, నేను రోడ్డు మీద పడ్డాను. మోకాలి కింద ఆ మచ్చ ఇంకా పోలేదు.

మిల్లుకు ధాన్యం తీసుకెళ్తున్న ఒక డీసీఎం ఆగింది. డ్రైవరు దిగి, "మీరు పక్కకు జరగండక్కా" అంటూ తన ప్లస్ పానా తెచ్చాడు. ఎడమ చేత్తో కిందికి నొక్కాడు, అదే క్షణంలో కుడి చేత్తో పైకి లాగాడు. టక్కుమని నట్టు తిరిగింది. అతను నిలబడినచోటే నిలబడి ఉన్నాడు. "ఒకసారి నాకివ్వు తమ్ముడూ" అని అడిగి, మిగిలిన రెండూ నేనే విప్పాను.

అప్పటికి ఎనిమిదేళ్లుగా బోర్డు మీద గీస్తున్న బలయుగ్మం ఆ రోజు నా అరచేతుల్లోకి వచ్చింది. రెండు సమాన బలాలు, దిశలు వ్యతిరేకం, రేఖలు వేరు. మొత్తం బలం సున్నా, మిగిలేది తిప్పడం ఒక్కటే. ఎల్ రాడ్డు మీద ఎక్కినప్పుడు నా బరువు నట్టును తిప్పడంతో ఆగలేదు, కిందికీ నొక్కింది. పైగా రాడ్డు చక్రానికి కాస్త ఎడంగా ఉంటుంది కనుక పట్టును పక్కకు వంచింది కూడా. జారింది అందుకే.

మరుసటి వారమే ఒకటి కొని తరగతికి పట్టుకెళ్లాను. పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటే: "మేడం, భ్రామకం ఏ బిందువు చుట్టూ తీసుకోవాలి?" చేతికి 200 న్యూటన్లు, రెండు చివరల మధ్య 0.4 మీటర్లు అనుకుని లెక్క వేయించాను. నట్టు మధ్య నుంచి లెక్కిస్తే 40, 40 కలిపి 80. ఎడమ చివర నుంచి చూస్తే అక్కడి బలానికి సున్నా, రెండోదానికి 80. ఎడమ చివరకు ఇంకా ఒక మీటరు అవతలి బిందువు తీసుకుంటే 280లోంచి 200 పోయి మళ్లీ 80 న్యూటన్ మీటర్లే. వెనక బెంచీ అమ్మాయి నమ్మకుండా పది మీటర్ల దూరం తీసుకుని చేసింది. తనకూ 80 వచ్చాక పానా అడిగి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని చూసింది.

కొన్న కొత్తలో దీంతో బలం రెట్టింపవుతుందని స్టాఫ్ రూములో చెప్పాను. ఆ మాట సరికాదు. చివరల మధ్య 40 సెంటీమీటర్లున్నా, చేతులు పట్టుకునే చోట్ల మధ్య దూరం 36 మాత్రమే. అంటే 80 కాదు, 72. పానా 45 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు చేతులు నిలువుగానే కదిలితే రెండు బలాల రేఖల మధ్య లంబదూరం 25 సెంటీమీటర్లకు పడిపోతుంది. కాబట్టి నట్టుకు తొడిగేటప్పుడే అడ్డచేయి నేలకు సమాంతరంగా ఉండేలా చూసుకోవాలి. ఇక బరువంతా వేసి నిలబడితే వచ్చే 143తో నా చేతులు పోటీపడలేవు. రెండేళ్ల కిందట తుప్పు పట్టిన ఒక నట్టుకు మెకానిక్కే దిక్కయ్యాడు. ఆయన ఎల్ రాడ్డుకు పైపు తొడిగి తీశాడు.

కొన్న నాలుగో ఏట తొందరలో 19 మిల్లీమీటర్ల నట్టుకు 21 చివర తొడిగి తిప్పాను. నట్టు మూలలు అరిగాయి. అప్పటి నుంచి 19 చివరకు ఎర్ర రంగు వేసి ఉంచాను. డిక్కీలో ఇది చాలా చోటు తింటుంది, గోనెపట్టా చుట్టకపోతే గుంతల్లో ఒకటే చప్పుడు.

మా అన్నయ్య 85 కిలోలుంటాడు. ఆయనకు కారుతో వచ్చిన రాడ్డు సరిపోతోంది, దీన్ని కొనమని ఆయనకు చెప్పను. ఒంటరిగా ప్రయాణిస్తూ, నా అంత బరువుండి, కారు జాకీ మీదకు లేపకముందే నట్లు వదులు చేసే అలవాటున్నవారికైతే కొనమనే చెబుతాను. తుప్పు పట్టిన నట్ల సంగతి మాత్రం దీనికి వదిలేయకండి.