కుండలో దోమతెర: మూడేళ్ల కంపోస్టు, రోజుకి రెండు టీ బ్యాగులు

వంటింటి చెత్తని కంపోస్టు చేసే మూడంతస్తుల మట్టి కుండల గురించి చాలామంది రాసేశారు. పైది నిండితే కిందికి మార్చడం, ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, పుల్ల మజ్జిగ చిలకరించడం, ఇవన్నీ మళ్లీ చెప్పను. మియాపూర్‌లో నాలుగో అంతస్తు బాల్కనీలో మూడేళ్లుగా నడుస్తోంది మాది. నా గొడవంతా అందులో నా చేత్తో నేనే వేసిన టీ బ్యాగులతో.

షుగరు బోర్డరులో ఉందన్నాక పాల టీ తగ్గించి గ్రీన్ టీ మొదలుపెట్టాను. పొద్దున ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. సన్నటి జాలీతో, పిరమిడ్ ఆకారంలో ఉండే బ్యాగులు. వేడినీళ్లలో వేస్తే లోపల ఆకు విచ్చుకోవడం కనపడుతుంది, చూడ్డానికే ముచ్చట. అప్పట్లో ఆ టీ మీద రాసిన సమీక్షలో అయిదు చుక్కలిచ్చి (స్టార్లన్నమాట), "తాగేశాక కుండలో పడేస్తే సరి, చెత్తే ఉండదు" అని కూడా రాశాను. రుచికి ఇచ్చిన చుక్కలు అలాగే ఉండనివ్వండి. ఆ రెండో ముక్క మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

మొన్న ఫిబ్రవరిలో బొండుమల్లెకి కుండీ మారుద్దామని అడుగు కుండ దింపాం. తొమ్మిది నెలలు మాగిన ఎరువు. అత్తయ్యగారు జల్లెడ పట్టుకుని కూర్చున్నారు. రెండు దోసిళ్లు పట్టారో లేదో, "ఏమ్మా, పాత దోమతెర చింపి ఇందులో వేశావా?" అన్నారు.

ఆవిడ అరచేతిలో మట్టిరంగు తిరిగిన జాలీ ముక్క, మూడు మూలలూ నిలబెట్టుకుని ఉంది. కుళాయి కింద పెడితే తెల్లగా బయటికొచ్చింది. చివరన ఉండే కాగితం చీటీ లేదు, దారం లేదు. లోపలి ఆకు చక్కగా నల్లటి ఎరువైపోయింది, ఎవరో కొలిచి సంచీలో పోసి కట్టినట్టు. జాలీ మాత్రం నేను కుండలో వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అదే కుండలో మునక్కాడ పిప్పి ఆనవాలు లేకుండా పోయింది. కొబ్బరి పీచు వేళ్ల మధ్య నలిపితే పొడైంది. ఆ మధ్యాహ్నం జల్లెడలో తేలినవి అరవై మూడు. లెక్కపెట్టడం ఎందుకంటే చెప్పలేను, కోపం వస్తే నేను లెక్కపెడతాను.

అసలు బాధ తర్వాత తెలిసింది. అంతకుముందు ఏడాది ఎరువుని జల్లించకుండానే కరివేపాకు కుండీలో పోశాను. మట్టి గుల్ల చేద్దామని వేలు పెడితే జాలీ తగిలింది. లాగితే రాదు. సన్నవేళ్లు ఆ కన్నాల్లోంచి దూరి అవతలికి వెళ్లాయి. గట్టిగా లాగితే వేళ్లు తెగుతున్నాయి. అది అక్కడే వదిలేశాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాలతో "మొక్కల నుంచి తయారైంది, బయోడిగ్రేడబుల్" అని ఉంటుంది. అబద్ధం అనలేను, అదే ఒళ్లు మండించేది. ఈ రకం జాలీ ఎక్కువగా పీఎల్ఏ. మొక్కజొన్న పిండి, చెరకు చక్కెర లాంటి వాటి నుంచి తీసే ప్లాస్టిక్. కొన్ని కంపెనీలవి అచ్చంగా నైలాన్, లేదంటే సీసాల్లో వాడే పెట్. పీఎల్ఏ కరిగి మట్టిలో కలవాలంటే 58, 60 డిగ్రీల వేడి వారాల తరబడి నిలబడాలి. అది పెద్ద ప్లాంట్లలో గుట్టలు పోసి చేసేచోట వస్తుంది. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కి మన దగ్గరున్న ఐఎస్ 17088 ప్రమాణం కూడా అలాంటి ప్లాంట్లని దృష్టిలో పెట్టుకున్నదే. మా కుండలో చెయ్యి పెడితే ఎండాకాలంలో కూడా గోరువెచ్చగా ఉంటుంది, అంతే. స్నానానికి తోడుకున్న నీళ్లలా. అందులో కరగమంటే అదేం చేస్తుంది పాపం.

సరే, కాగితం బ్యాగులకి మారదాం అనుకున్నాను. రెండో దెబ్బ అక్కడ తగిలింది. నాలుగు నెలల తర్వాత చూస్తే కాగితం పోయింది గానీ, బ్యాగు ఆకారంలోనే ఉల్లిపొరలాంటిది ఒకటి మిగిలింది, వెలుతురుకి పెడితే అవతల వేళ్లు కనిపించేంత పల్చగా. అంచుల్ని జిగురూ దారమూ లేకుండా వేడితో అతికించాలంటే కరిగేదేదో ఉండాలి కదా. అందుకని కాగితం గుజ్జులోనే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు కలుపుతారు. కొన్నిట్లో అది నాలుగో వంతు దాకా ఉంటుంది. అంచు చుట్టూ సన్న గీతలు నొక్కినట్టుంటే అనుమానించండి.

పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద పెట్టి చూశాను కూడా, కిటికీ తెరిచి. జాలీ రకం ముడుచుకుపోయి బొట్టులా కిందికి జారింది, ఆరాక పూసలా గట్టిపడింది. కాగితం రకం బూడిదైంది, అతుకు ఉన్నచోట మాత్రం నల్లటి గీతలా బిరుసెక్కి మిగిలింది. ఒకే కాగితాన్ని మడిచి నూలు దారంతో ముడేసిన రకం ఒకటి దొరికింది. అది కుండలో ముడితో సహా మాయమైంది. ఇదివరకు టీ బ్యాగులకి పిన్నులుండేవి గుర్తుందా, వాటిని వద్దని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017లో ఆదేశమిచ్చింది. గొంతులోకి పోతే ప్రమాదమే, కాదనను. కంపోస్టు లెక్కలో మాత్రం పిన్ను నయం, చేత్తో ఏరి పారేయొచ్చు.

కప్పులోకి ఏం దిగుతోందన్నది వేరే కథ. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవాళ్లు 2019లో ప్లాస్టిక్ బ్యాగుని 95 డిగ్రీల నీళ్లలో నానబెట్టి ఒక్కో బ్యాగుకి 1,160 కోట్ల మైక్రోప్లాస్టిక్ రేణువులు అని లెక్క చెప్పారు. ఆ లెక్క మరీ ఎక్కువని తర్వాత వేరే శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. వాళ్లలో వాళ్లు తేల్చుకోనివ్వండి. నాకు కంటికి కనపడిన అరవై మూడు చాలు.

ఇప్పుడు లూజు ఆకు, మూతున్న చిన్న స్టీలు జాలీ. ఇది కూడా గొప్పగా ఏమీ లేదు. ఆకు విచ్చుకోవడానికి చోటు చాలదు, నలిగిన ఆకు కన్నాల్లో ఇరుక్కుంటుంది, రోజూ బ్రష్షు పెట్టాలి. ఆకు మాత్రం కుండలో వేసిన మూడు వారాలకి కనపడదు. కుండలకి నా చుక్కలు నాలుగే. వాసనే రాదని అప్పట్లో రాసినట్టున్నాను, శ్రావణ భాద్రపదాల్లో వస్తుంది. పొట్టు రెండు గుప్పిళ్లు ఎక్కువేస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు.

నాకు బాల్కనీ ఉంది, తీరికుంది, జల్లెడ పట్టే అత్తయ్యగారున్నారు కాబట్టి ఇదంతా కుదిరింది. ఆఫీసులో రోజుకి నాలుగు కప్పులు తాగే మా చెల్లికి స్టీలు జాలీ కడుక్కోమని నేను చెప్పను. రైలు ప్రయాణానికి నేనూ బ్యాగులే పట్టుకెళ్తాను. వాడాక చింపి, ఆకు ఇంటికి తేను గానీ, సంచీని పొడి చెత్తలో వేస్తాను.

ఆ అరవై మూడింట్లో చిరగని పాతిక అత్తయ్యగారు ఉడుకు నీళ్లలో ఉతికి, ఎండబెట్టి, తలా రెండు కలరా ఉండలు వేసి పట్టుచీరల బీరువాలో పెట్టారు. మొన్న తీసి చూశాం. ఒక్కదానికీ పోగు ఊడలేదు.