క్లాసికల్ గిటార్ అని చెప్పి స్టీల్ తీగలు వేసి పంపుతున్నారు, చూసుకోండి

మొదటిసారి క్లాసికల్ గిటార్ కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. 'బిగినర్లకు క్లాసికల్ గిటార్' అని ఆన్‌లైన్‌లో పెట్టినదాన్ని మా అమ్మాయి కోసం తెప్పించాను. ఫొటోలో ఉన్నవి నైలాన్ తీగలు. పెట్టె విప్పితే ఆరూ స్టీలువే! ఫోన్ చేస్తే "రెండూ పడతాయండి, స్టీలైతే సౌండ్ ఇంకా బాగుంటుంది" అన్నాడు అమ్మినతను.

పడవు. క్లాసికల్ గిటార్ పైచెక్కా, లోపల దానికి అతికించే బద్దలూ నైలాన్ లాగుడుకు సరిపోయేంత పలచగానే చేస్తారు. స్టీల్ తీగల లాగుడు దాదాపు రెట్టింపు. మెడ వంగకుండా ఆపే ఇనుప రాడ్ కూడా చాలావాటికి ఉండదు. కొద్ది రోజులకే మా గిటార్ బ్రిడ్జ్ (పైచెక్క మీద అతికించిన, తీగలు కట్టే చెక్కముక్క) వెనక అంచు లేచింది, కాగితం దూర్చితే సగం దాకా వెళ్లిపోయింది. ఆ పక్కనే పైచెక్క ఉబ్బింది. తీగలు పైకి లేచి, నొక్కలేక పిల్ల వేళ్లు కమిలిపోయాయి. ఫిర్యాదు చేస్తే "మీరే ఎక్కువ బిగించారు, వారంటీ రాదు" అన్నారు. తీగలు వేసింది వాళ్లు, మేం పెట్టింది మామూలు శ్రుతి. ఇందులో ఎక్కువ బిగించింది ఎక్కడ?

మీరు ముందు చూడాల్సింది సన్నగా ఉండే మూడు తీగలు. నైలాన్‌వైతే గాలం దారంలా నున్నగా, లోహపు మెరుపు లేకుండా ఉంటాయి. లావు మూడింటికి పైన లోహపు చుట్టు మామూలే, వాటిని చూసి కంగారు పడకండి. తీగ చివర పూస ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా తేల్చకండి, పూసలున్న నైలాన్ తీగలూ దొరుకుతాయి.

తర్వాత స్కేలు పెట్టి కొలవండి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు ఉండాలి. ఫ్రెట్లంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు, నట్ వైపు నుంచి లెక్కపెట్టాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు సన్న తీగకు 3, లావు తీగకు 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు. అదే ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలు ఆనించి ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి, రెండూ ఒకే స్వరం పలకాలి. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూ శ్రుతి తప్పుతుంటాయి, అది లోపం కాదు, దానికోసం వాపస్ పంపకండి.

స్టీల్ తీగలతోనే వస్తే మాత్రం అసలు శ్రుతి చేయొద్దు. వెంటనే వదులు చేసి, ఫొటోలు తీసి, గిటార్ మార్చమని అడగండి. మాకు చివరికి ఇస్తామన్నది ఒక నైలాన్ తీగల సెట్టు. లేచిపోయిన బ్రిడ్జ్‌కి అవి కట్టి ఏం లాభం? వద్దన్నాం, డబ్బు వాపస్ కోసం ఇంకా పోట్లాడుతూనే ఉన్నాం.