కార్చిచ్చు బండికి రెడీమేడ్ అడాప్టర్ కిట్: కొనండి, కానీ ఉన్నదున్నట్టు బండెక్కించకండి

ఉత్తర అమెరికాలో కార్చిచ్చుల మీదికి వెళ్లే ఫైరింజన్ల కోసం ‘మ్యూచువల్ ఎయిడ్ అడాప్టర్ కిట్’ పేరుతో రకరకాల సంచులు అమ్ముతున్నారు. కాన్వాస్ సంచి, అందులో పది పన్నెండు అల్యూమినియం ముక్కలు, ఒక స్పానర్. పక్క కౌంటీకో, సరిహద్దు దాటి కెనడాకో సాయానికి వెళ్లినప్పుడు మీ హోస్ పైపు వాళ్ల పంపుకి, వాళ్ల హైడ్రెంట్‌కి (వీధిలో ఫైరింజన్లకు నీళ్లిచ్చే కొళాయికి) పట్టించడానికి ఇవి. ఈ సంచుల్లో సగం ముక్కలు బంగారం లాంటివి. మిగతా సగం కేటలాగులో ఫొటో నిండుగా కనిపించడానికి వేసినవి. అసలు కావాల్సిన రెండు మూడు మాత్రం తరచుగా ఉండవు.

ఈ సంచి ఎంత ముఖ్యమో 1991 అక్టోబర్ 20న ఓక్లాండ్ కొండల్లో తెలిసింది. అప్పట్లో ఆ ఊరి హైడ్రెంట్ల నోరు 3 అంగుళాలు. సాయానికి వచ్చిన పొరుగు బళ్లలో ఎక్కువ వాటి కప్లింగ్ (పైపు చివర బిగించే జోడింపు) 2½ అంగుళాలు. అడాప్టర్లు లేక కాదు, వచ్చిన బళ్లన్నిటికీ సరిపడా లేక ఇబ్బంది పడ్డారు. కరెంటు పోయి నీళ్లు ఎక్కించే పంపులు ఆగడం, ట్యాంకులు ఖాళీ కావడం, ఆ రోజు గాలి వేగం కూడా కారణాలే. నేరమంతా కప్లింగ్ మీదికి నెట్టడం సరికాదు. కానీ 25 మంది చనిపోయిన ఆ మంటలో మనుషులు ముందే సరిచేసి ఉండగలిగిన వాటిలో పరికరాలు కలవకపోవడం ఒకటి. 1904లో బాల్టిమోర్ కాలిపోయినప్పుడూ ఇదే జరిగింది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన పైపులు అక్కడి హైడ్రెంట్లకు పట్టలేదు. ఆ తర్వాతే జాతీయ ప్రమాణం వచ్చింది. అయినా అన్ని ఊళ్లూ మారలేదు.

ఇక సంచి విప్పుదాం.

మొదట చూడాల్సింది 1½ అంగుళాల ముక్కలు. ఈ సైజులో రెండు రకాల థ్రెడ్లు (మరచుట్లు) ఉన్నాయి. నేషనల్ హోస్, అంటే ఎన్‌హెచ్, అంగుళానికి 9 చుట్లు. పైపు థ్రెడ్ రకమైన ఎన్‌పీఎస్‌హెచ్ 11½ చుట్లు. థ్రెడ్ బయటికి ఉన్నది మేల్, లోపలికి ఉన్నది ఫిమేల్. మేల్ వైపు బయటి వ్యాసం మొదటిదానికి సుమారు 50.5 మిల్లీమీటర్లు, రెండోదానికి 47.7. అందుకే ఎన్‌హెచ్ మేల్‌ని ఎన్‌పీఎస్‌హెచ్ ఫిమేల్‌లోకి ఎక్కించలేరు, అది వెంటనే తెలిసిపోతుంది. ప్రమాదం దీనికి తిరగేసిన జతలో ఉంది. ఎన్‌హెచ్ ఫిమేల్‌లోకి ఎన్‌పీఎస్‌హెచ్ మేల్ దూరినట్టే ఉంటుంది, చేతికి కొంచెం పట్టినట్టూ అనిపిస్తుంది. చుట్లు మాత్రం ఒకదానిలో ఒకటి కూర్చోవు. పీడనం ఎక్కగానే ఊడి, పైపు చివర కొరడాలా లేస్తుంది. ఈ రెంటినీ కలిపే అడాప్టర్లు చాలా కిట్లలో ఉంటాయి, కానీ ముక్క మీద రకం చెక్కి ఉండదు, స్టిక్కర్ అంటిస్తారు. ఒక సీజన్ మసిలో ఆ స్టిక్కర్ మిగలదు. కొన్న రోజే నంబర్ పంచ్‌తో 9 అనో 11½ అనో కొట్టించండి. చుట్లు కొలిచే థ్రెడ్ గేజ్ ఒకటి సంచిలో వేయండి.

కెనడా అటవీ అగ్నిమాపక సంస్థలతో పనిచేసే బళ్లకి అసలు సమస్య క్వార్టర్ టర్న్ కప్లింగ్. ఇందులో మేల్, ఫిమేల్ తేడా లేదు. రెండు చివరలూ ఒకేలా ఉంటాయి, ఎదురెదురుగా పెట్టి పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది. పొగలో, గ్లవ్స్‌తో పనిచేసేవాళ్లకి ఇంతకన్నా హాయి లేదు. చిక్కల్లా ఎన్‌హెచ్‌తో కలిపేటప్పుడే, ఎందుకంటే అక్కడ మేల్, ఫిమేల్ ఉన్నాయి. క్వార్టర్ టర్న్ నుంచి ఎన్‌హెచ్ ఫిమేల్‌కి మారే ముక్క మీ పంపు డిశ్చార్జికి, అంటే నీళ్లు బయటికొచ్చే నోటికి పడుతుంది. అదే ముక్క లైను చివర నాజిల్‌కి పట్టదు, ఎందుకంటే నాజిల్ వైపు కూడా ఫిమేలే. అక్కడ క్వార్టర్ టర్న్ నుంచి ఎన్‌హెచ్ మేల్‌కి మారే ముక్క కావాలి. చాలా సంచుల్లో మొదటి రకం రెండు వేసి, రెండోది ఒక్కటీ వేయరు. అప్పుడు మీ పంపు నుంచి వాళ్ల పైపులోకి నీళ్లు బ్రహ్మాండంగా వెళ్తాయి, మీ నాజిల్ మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. ఒక్కో బండికి రెండు రకాలూ రెండేసి ఉండాలన్నది మా లెక్క. ఒకే లీడర్ కింద కలిసి వెళ్లే అయిదు బళ్ల జట్టు, అంటే స్ట్రైక్ టీమ్ అయితే లీడర్ బండిలో అదనంగా ఇంకో నాలుగు జతలు.

రెండు చివరలూ ఫిమేల్ అయిన ‘డబుల్ ఫిమేల్’ ముక్కలో కనీసం ఒకవైపైనా స్వివెల్, అంటే విడిగా తిరిగే రింగు ఉండాలి. రెండు వైపులా బిగుసుకుపోయిన డబుల్ ఫిమేల్ కనిపిస్తే కిట్ తిరిగి పంపేయండి. ఒకవైపు బిగిస్తుంటే రెండోవైపు వదులవుతుంది.

అడాప్టర్లు ఎక్కడ వాడాలన్నది కిట్ కాగితంలో ఎక్కడా రాయరు. లైను మధ్యలో ఎన్నిచోట్ల కుదిరితే అన్నిచోట్ల కలుపుకుంటూ పోవచ్చని కొత్తవాళ్లు అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 100 అడుగుల పైపులు 10 వేసి 1,000 అడుగుల క్వార్టర్ టర్న్ లైను పరిచారు. పక్క లైన్లు తీయడానికి మధ్యలో 9 చోట్ల మీ ఎన్‌హెచ్ ఇన్‌లైన్ టీలు (పక్కకి ఇంకో నోరున్న ముక్కలు) పెడదామనుకున్నారు. టీకి ముందొకటి, వెనకొకటి, మొత్తం 18 అడాప్టర్లు. అంత సరుకు ఎవరి దగ్గరా ఉండదు, ఉన్నా ప్రతి జాయింటూ కారే అవకాశమే. ఏ ప్రాంతం పైపు పరిస్తే ఆ ప్రాంతం టీలే అడిగి తీసుకోవాలి. రెండు రకాలూ కలిసే చోటు ఒక్కటే ఉండాలి. అది పంపు దగ్గరో, గేటెడ్ వై (ఒక లైనుని రెండుగా చీల్చే, వాల్వులున్న ముక్క) దగ్గరో, అందరికీ కనిపించేలా ఉండాలి. మంట ఆరిపోయాక నిప్పులు చల్లార్చే 1 అంగుళం పక్క లైన్లు, ముప్పావు అంగుళం సన్న పైపులు వేరే సంగతి. 1½ ఎన్‌హెచ్ నుంచి 1 అంగుళం ఎన్‌పీఎస్‌హెచ్‌కి, దాని నుంచి ముప్పావు గార్డెన్ హోస్ థ్రెడ్‌కి తగ్గించే రెడ్యూసర్లు ఎన్ని ఉన్నా ఎక్కువ కాదు.

పీడనం రేటింగ్ దగ్గర చౌక కిట్లు మోసం చేస్తాయి. అడవుల్లో విరివిగా వాడే మార్క్-3 పంపు గరిష్ఠంగా సుమారు 380 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా తోస్తుంది. దానికన్నా తక్కువ రేటింగ్ ఉన్న ముక్కను ఆ పంపు దగ్గర పెట్టకూడదు. ‘లైను చివర్లో పీడనం తగ్గిపోతుంది కదా, అక్కడ పెడదాం’ అనుకోవద్దు. నాజిల్ మూయగానే ప్రవాహం ఆగుతుంది, పైపు గోడల రాపిడికి పీడనం తగ్గడం ఉండదు. పంపు పీడనం చివరి దాకా నిలబడుతుంది. లైను దిగువకి వెళ్తుంటే ప్రతి 100 అడుగుల లోతుకీ 43 పీఎస్ఐ అదనంగా కలుస్తుంది. ముక్క మీద రేటింగ్ చెక్కి లేకపోతే ఆ ముక్కను నమ్మకండి.

సక్షన్ వైపుకి, అంటే పంపు నీళ్లు పీల్చుకునే వైపుకి ఏ కిట్లోనూ సరైన ఏర్పాటు కనిపించడం లేదు. ఇది పెద్ద లోపం. డిశ్చార్జి వైపు వాషర్ సరిగా లేకపోతే నాలుగు చుక్కలు కారుతాయి, పని నడుస్తుంది. సక్షన్ వైపు అదే సందులోంచి గాలి దూరి, పంపు నీళ్లు పట్టుకోదు. ఎంతసేపు ప్రైమ్ చేసినా (గాలి తీసి నీళ్లు ఎక్కించినా) ఇంజను ఉత్తినే తిరుగుతుంది. పంపు పాడైందని విప్పేలోపు, ముందు ఆ వాషర్ చూడాలి. 2 అంగుళాల సక్షన్ అడాప్టర్ ఒకటి, ప్రతి సైజుకీ అరడజను రబ్బరు వాషర్లు మీరే కొని సంచిలో వేయండి.

అల్యూమినియం మీద అల్యూమినియం మట్టి పడి బిగిస్తే థ్రెడ్లు ఒకదాన్నొకటి కొరికేస్తాయి, ఇక స్పానర్‌కీ లొంగవు. హార్డ్ యానోడైజ్ చేసిన (పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించిన) ముక్కలు కొంత నయం. బిగించేముందు గుడ్డతో తుడవడం, సిలికాన్ లాంటి లూబ్రికెంట్ కొంచెం రాయడం మంచిది. పెట్రోలియం గ్రీజు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. కింద పడి అంచు నొక్కుకుపోయిన స్వివెల్‌ని సుత్తితో సరిచేయొద్దు. పారేయాల్సిందే.

తీసేయాల్సినవి: అడవి బండి ఎప్పుడూ వాడని పెద్ద పైపులకి వాడే, థ్రెడ్ లేని 5 అంగుళాల స్టోర్జ్ ముక్క, ప్లాస్టిక్ గార్డెన్ హోస్ ముక్కలు. వాటి బరువుకి బదులు మీరు వెళ్లే ప్రావిన్సు ఊరి హైడ్రెంట్ల 2½ అంగుళాల అడాప్టర్ వేసుకోండి. క్యూబెక్ థ్రెడ్ వేరు, అల్బర్టాది వేరు, బ్రిటిష్ కొలంబియాది వేరు. ‘కెనడా అడాప్టర్’ అని ఒకే ముక్క అమ్మేవాడిని ఏ ప్రావిన్సుకి అని అడగండి. జవాబు లేకపోతే కొనకండి. మార్క్-3 వాడేవాళ్లు ఇంధన డబ్బా గొట్టం కనెక్టర్ కూడా ఒకటి అదనంగా పెట్టుకోవాలి. అది టూ స్ట్రోక్ పంపు, ఆయిల్ కలిపిన పెట్రోలే పోయాలి. ఆయిల్ కలపని పక్క పంపు డబ్బా అందుబాటులో ఉంది కదా అని పెడితే ఇంజను పట్టేస్తుంది.

సంచిని సీటు కింద కాదు, పంపు ప్యానెల్ పక్క అరలో కట్టండి. చేరగానే చేయాల్సిన పని ఒకటే: బళ్లు పని కోసం ఆగి ఉండే స్టేజింగ్ దగ్గరే, మిమ్మల్ని సాయానికి పిలిచిన బృందం పైపు ఒకటి, నాజిల్ ఒకటి, టీ ఒకటి తీసుకుని మీ వాటితో కలిపి నీళ్లు పెట్టి చూడండి. పట్టనిది అక్కడే తెలిస్తే సప్లై యూనిట్‌కి చెప్పి తెప్పించుకునే వీలుంటుంది. ప్రతి ముక్క మీదా మీ బండి నంబర్ కొట్టి, ఒక రంగు పూయండి. లైన్లు చుట్టేసేటప్పుడు అడాప్టర్లు వాళ్ల పైపు చివరనే ఉండిపోయి వాళ్ల గోదాములోకి వెళ్లిపోతాయి. అందుకే పని ముగిసి బండిని వదిలేటప్పటి విడుదల కాగితం మీద సంతకం పెట్టేముందు సంచి విప్పి లెక్క చూసుకోండి.