యుక్కా మొక్క కొనేముందు కర్ర పట్టుకుని కదిపి చూడండి

ఇంకా కోపం తగ్గలేదు, తగ్గేలోపే రాసేస్తున్నా. హైవే పక్కన పచ్చ షేడ్ నెట్ వేసి పెద్ద పెద్ద ఇండోర్ మొక్కలు అమ్ముతాడే, ఆయన గురించే. పేరు రాయను, అటు వెళ్లేవాళ్లకి అర్థమవుతుంది.

జూన్ చివర్లో ఆయన దగ్గర యుక్కా కొన్నాను. ఒకే పింగాణీ కుండీలో పొడుగుది, మధ్యస్థంది, పొట్టిది, మూడు కర్రలు, అంటే పైన ఆకులున్న లావు కాండం ముక్కలు. 2,800 చెప్పి 2,600కి ఇచ్చాడు. "హాల్లో సోఫా పక్కన పెట్టుకోండి మేడమ్, ఎండ అక్కర్లేదు, రోజూ ఓ గ్లాసు నీళ్లు పోయండి చాలు" అన్నాడు. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, గ్లాసుతో కొలిచి మరీ పోశాను. మూడో వారానికి ఆకులు పసుపెక్కితే ఫోన్ చేశాను. కొత్త చోటు కదా, నీళ్లు ఇంకాస్త పెంచండి అన్నాడు. పెంచాను.

మొన్న ఆదివారం ఆకులు తుడుస్తుంటే పొడుగు కర్ర పక్కకి ఒరిగింది. పట్టుకుంటే బెరడు కింద మెత్తగా, కుళ్లిన బంగాళాదుంపలా వేలు దిగిపోయింది. లాగితే చేతికి వచ్చేసింది. అడుగున ఒక్క వేరు లేదు. రంపంతో కోసిన గుర్తు గుండ్రంగా అలాగే ఉంది. మట్టి బదులు వేసిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నల్లబడి మురుగు వాసన. కుండీ బోర్లిస్తే అడుగున రంధ్రమే లేదు. కొన్న రోజు ఎత్తి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. చూడలేదు, ఆ తప్పు నాదే.

కవర్లో పెట్టుకుని తీసుకెళ్లాను. నలుగురు కస్టమర్ల ముందు "నీళ్లెక్కువ పోసి మీరు చంపుకుని మా మీదికి తెస్తే ఎలా మేడమ్?" అన్నాడు. రోజూ గ్లాసు పోయమన్నది మీరే కదా అంటే, నేనెప్పుడన్నాను అని నా మొహం మీదే అనేశాడు. పక్కనే వాళ్ల కుర్రాడు కొత్త కర్రలు, పైన మైనం పూసినవి, కుండీల్లో గుచ్చుతున్నాడు. ధర చీటీ కట్టి అమ్మకానికి పెట్టిన వరసలో ఒకదాన్ని పట్టుకుని తిప్పాను. గిర్రున తిరిగింది. ఇదేంటని అడిగితే, "వేర్లు పట్టడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా షెడ్డులో ఉంచుకుంటే మాకేం గిట్టుతుంది? చదువుకున్నవాళ్లు, మీరు చూసుకోవద్దా?" అన్నాడు. వేర్లు లేవని తెలుసు. తెలిసే అమ్మాడు. ఎన్ని నీళ్లు పోయాలో ఆయన్నే అడిగి, చెప్పినట్టే చేశాను. 2,600 పోయిందన్న బాధ కంటే "మీరు చూసుకోవద్దా" అన్న ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఇది మెక్సికో, మధ్య అమెరికా వైపు మొక్క. ఆ లావు కాండంలోనే నీళ్లు దాచుకుంటుంది, ఎండితే తట్టుకుంటుంది కానీ వేర్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. ఇవన్నీ ఇప్పుడు చదివి తెలుసుకున్నాను.

కొనేవాళ్లు కర్ర పట్టుకుని మెల్లగా కదపండి, మట్టిలో తిరిగితే వదిలేయండి. కుండీ అడుగున రంధ్రం ఉండాలి, మట్టిలో ఇసుక బాగా కలవాలి. పైన రెండంగుళాలు పొడిగా అయ్యాకే నీళ్లు, వానాకాలం ఇంకా తక్కువ. ఇంట్లో అయితే బాగా వెలుతురొచ్చే కిటికీ దగ్గర పెట్టండి, చీకటి మూల వద్దు. బయట పెట్టాలంటే ముందు నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో, అలా రెండు వారాలు అలవాటు చేయండి. ఒక్కసారిగా మేడ మీద ఎండలో పెడితే ఆకులు మాడి తెల్లబడతాయి. కుక్క, పిల్లి ఉన్న ఇళ్లల్లో అందకుండా పెట్టండి, ఆకు నమిలితే వాంతులవుతాయి.

మూడింట్లో పొట్టి కర్ర ఒక్కటే ఇంకా గట్టిగా ఉంది. అడుగున మెత్తబడినంత మేర కోసేసి కాగితం మీద నీడలో ఆరబెట్టాను. రెండు మూడు రోజులాగి ఇసుక మట్టిలో నాటుతాను.

బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. నేను తీసుకోలేదు.