ఫీజు స్కాలర్‌షిప్పా, రిసెర్చ్ స్టైపెండా: మెడికోకు ఏది మేలు?

షుగర్, ఫ్యాటీ లివర్, ఊబకాయం మీద పరిశోధన చేయాలనుకునే ఎంబీబీఎస్ విద్యార్థికి హైదరాబాద్ మంచి చోటు. 1958లో కూనూరు నుంచి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ఉస్మానియా, గాంధీ ఓపీల్లో షుగర్ పేషెంట్లకు కొదవ లేదు. 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉంది, ఇంకో 13 కోట్లకు పైగా ప్రీడయాబెటిస్‌లో, అంటే షుగర్‌కు ముందు దశలో ఉన్నారు. పని బోలెడంత ఉంది. మరి డబ్బు?

మొదటి దారి ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ ద్వారా వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్. విద్యార్థి ఖర్చులకు వచ్చేది మెయింటెనెన్స్ ఫీజు ఒక్కటే. అదీ ఆలస్యమైతే ఇంట్లో టెన్షనే. దీనికీ రిసెర్చ్‌కీ నేరుగా సంబంధం లేదు. కానీ ఫీజు గండం గట్టెక్కిన పిల్లే సెలవుల్లో ట్యూషన్లు చెప్పుకోకుండా ఓపీలో కూర్చోగలదు.

రెండోది ఐసీఎంఆర్ వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, అందరూ ఎస్టీఎస్ అనేది. రెండు నెలల ప్రాజెక్టు, గైడుగా సొంత కాలేజీ ప్రొఫెసర్, ఈమధ్య సంవత్సరాల్లో 50 వేల స్టైపెండ్. అయితే రిపోర్టు ఆమోదం పొందాకే డబ్బు చేతికొస్తుంది. అసలు ఇబ్బంది ఇక్కడే. ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒంట్లో సరిగ్గా పనిచేయకపోవడం) కొలవాలంటే పరగడుపు గ్లూకోజ్‌తో పాటు పరగడుపు ఇన్సులిన్ కూడా కావాలి, రెంటినీ గుణించి 405తో భాగిస్తే దాన్ని కొలిచే సూచిక హోమా-ఐఆర్ వస్తుంది. గ్లూకోజ్ పరీక్ష ఎక్కడైనా చవకే. ఇన్సులిన్ పరీక్ష అలా కాదు, అరవై మందికి చేయించాలంటే జేబు ఖాళీ. అందుకే డబ్బులేని పిల్లలు మంచి ప్రశ్నను వదిలేసి సర్వే ఫారాలతో సరిపెట్టుకుంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

ఎడ్యుకేషన్ లోన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తలమీద ఈఎంఐ ఉన్నవాడికి రిసెర్చ్ ధ్యాస నిలవదు.

నా మాట: ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకు రీయింబర్స్‌మెంటే ముందు, ఇందులో రెండో ఆలోచన లేదు. ఫీజు బెంగ లేనివాళ్లకు మాత్రం ఎస్టీఎస్సే మేలు. ప్రశ్న అడగడం, ఎథిక్స్ కమిటీని ఒప్పించడం, డేటాతో తంటాలు పడటం ఏ ఫీజు స్కాలర్‌షిప్పూ నేర్పదు. అర్హత ఉంటే రెండింటికీ ప్రయత్నించండి. దరఖాస్తు రాసేముందే కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇన్సులిన్ పరీక్ష ఉచితంగా చేస్తారేమో గైడును అడగండి. కుదరదంటే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను పరోక్షంగా సూచించేవి తీసుకోండి: టేపుతో నడుము చుట్టుకొలత, కేస్‌షీట్లలో ఉండే ట్రైగ్లిజరైడ్, హెచ్‌డీఎల్ అనే రక్తంలోని కొవ్వుల అంకెలు. వాటితోనూ పనికొచ్చే ప్రాజెక్టు అవుతుంది.