ప్రెసిడెంట్ కారు మోనోగ్రామ్ కోసం వైజాగ్: ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి

పాత ఫియట్ బాగు చేయించుకునేవాళ్లు సామాన్ల కోసం వైజాగ్ వెళ్లొచ్చా అని అడిగితే, తప్పకుండా వెళ్లండి అంటాను. కాకపోతే షాపులో అడగ్గానే ఒరిజినల్ ముక్క తీసి చేతిలో పెడతారన్న ఆశతో వెళ్లకండి. ఆ ఊళ్లో ఉన్న అసలు బలం పాత బళ్ల మీద బతికిన మేస్త్రీలు, పోత పోసేవాళ్లు, బఫింగ్ చేసి మెరుగుపెట్టేవాళ్లు.

నాది 1973 మోడల్ ప్రీమియర్ ప్రెసిడెంట్. ఈ కారు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలుపెట్టారు, అదే కారు 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని అయింది. పద్మిని పాతికేళ్లకు పైగా తయారైంది కాబట్టి దాని సామాను ఎక్కడైనా కనిపిస్తుంది, ప్రెసిడెంట్ పేరు మాత్రం రెండేళ్ల ముచ్చట. అందుకే ఈ కార్ల మీద అసలు పేరు ఊడిపోయాక చాలామంది పద్మిని మోనోగ్రామ్, అంటే కారు మీద బిగించే పేరు ముక్క, అంటించేశారు. నా కారు డిక్కీ మీద కూడా అదే ఉంది. ఆర్‌సీ బుక్కులో 1973 అని ఉండి డిక్కీ మీద పద్మిని అని ఉంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఇంజను, సీట్లు, రంగు అన్నీ సరిచేసి పేరు దగ్గర సర్దుకుపోతే ఆ బాగు చేయడం పూర్తయినట్టు కాదని నా గట్టి అభిప్రాయం.

రాజమండ్రి నుంచి రైల్లో వెళ్లేవాళ్లకి ఒక మాట. పని గాజువాక ఆటోనగర్‌లో అయితే వైజాగ్ స్టేషన్ దాకా వెళ్లక్కర్లేదు, దువ్వాడలో ఆగే బండి చూసుకుని అక్కడే దిగిపోతే గాజువాక దగ్గర. బస మాత్రం ద్వారకా బస్ స్టేషన్ చుట్టుపక్కల, అంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తీసుకోండి. అటు గాజువాకకి, ఇటు మద్దిలపాలేనికి బస్సులు వస్తూనే ఉంటాయి, పొద్దున్నే టిఫిన్ దొరుకుతుంది. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో కూడా ఉండి చూశాను. గది బాగుంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, కానీ రేటు దాదాపు రెట్టింపు, పైగా ఆటోనగర్ వెళ్లి వచ్చేసరికి ఆటో ఖర్చు తడిసి మోపెడవుతుంది. గాజువాకలో తీసుకున్న లాడ్జి చవకే, రాత్రంతా లారీల హారన్లు. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని కౌంటర్లో చెప్పారు, పొద్దున ఆరింటికి అడిగితే గీజరు రిపేరులో ఉందన్నారు. ఆ మాటేదో ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఆటోనగర్ పెద్దది, ఎక్కువ పని లారీలదీ ఇప్పటి కార్లదీ. ఫియట్ మోనోగ్రామ్ అనగానే సగం షాపుల్లో తల అడ్డంగా ఊపారు, రెండు మూడు చోట్ల ప్లాస్టిక్ మీద వెండి మెరుపు ఉన్న డూప్లికేట్ పద్మిని ముక్కలు తీశారు. వాటిని చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది, బరువు ఉండదు, అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయి, వెనక పిన్నుల బదులు జిగురు టేపు ఉంటుంది. వద్దన్నాను. ఒక షాపులో మాత్రం పెద్దాయన ఓపిగ్గా పాత పెట్టెలన్నీ దింపించి వెతికించారు. గ్రిల్ పక్కకి వచ్చే బీడింగ్ (మెరిసే లోహపు పట్టీ) ముక్క ఒకటి, వీల్ క్యాప్ ఒకటి దొరికాయి, ధర కూడా న్యాయంగానే చెప్పారు.

అక్కడ కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వైజాగ్ గాలిలో ఉప్పు ఉంటుంది. బీచ్ వైపు ఇళ్ల గ్యారేజీల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న ముక్కలు పైకి మెరుస్తున్నా నికెల్ పూత కింద బుడగలు లేచి ఉంటాయి. వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా ఆలోచించి కొనండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. అతుక్కుంటే చాలావరకు మామూలు ఇనుము మీద పూత, తుప్పు చూసుకోవాలి. అతుక్కోకపోతే ఇత్తడి, జింక్, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఏదైనా కావచ్చు, బరువు చూసి గీత గీసి తేల్చుకోవాలి. అల్యూమినియం బీడింగ్ అయితే క్రోమ్ పూత జోలికి వెళ్లకుండా బఫింగ్‌తో సరిపెట్టడమే మంచిది.

అసలు మనిషి దొరికింది కంచరపాలెంలో. ఒకప్పుడు ట్యాక్సీలకి టింకరింగ్ చేసిన మేస్త్రి, ఇప్పుడు కొడుకు షెడ్డు చూసుకుంటున్నాడు. నేను ప్రెసిడెంట్ అనగానే, "ఏటి బాబూ, పద్మిని ముక్క పెట్టీసుకోక ఇంత తిరుగుడేటి?" అన్నారు. "ఆ ఏడాది పేరే ఉండాలండి మేస్త్రిగారూ" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత లోపలికెళ్లి పాత హార్లిక్స్ సీసా తెచ్చి స్టూలు మీద బోర్లించారు. బోల్టులు, క్లిప్పుల మధ్యలో చివరి అక్షరం విరిగిపోయిన ప్రెసిడెంట్ మోనోగ్రామ్! క్రోమ్ ఊడి గుంటలు పడింది గానీ వెనక పిన్నులు రెండూ ఉన్నాయి. అమ్మనన్నారు, నమూనాకి తీసుకెళ్లి తిరిగి ఇమ్మన్నారు. డబ్బులు ఇవ్వబోతే టీ ఇప్పించమన్నారు.

డిక్కీ మూత లోపలి నుంచి టార్చి వేసి చూడమని కూడా ఆయనే చెప్పారు. పైన పుట్టీ పెట్టి రంగు వేసేసినా లోపలి వైపు పాత రంధ్రాల గుర్తులు తెలుస్తాయి. ఇంటి దగ్గర నేను పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తెచ్చుకున్న అచ్చులో రంధ్రాలు నాలుగు ఉన్నాయి, రెండు ఫ్యాక్టరీవి, రెండు ఎవరో పద్మిని కోసం వేసినవి. మేస్త్రి గారి ముక్క ఆ కాగితం మీద పెట్టగానే రెండు పిన్నులూ పాత రంధ్రాల మీద సరిగ్గా కూర్చున్నాయి. ఆ క్షణం కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

ఆ ముక్క చూసి కొత్తది పోత పోయించడంలో ఒక చిక్కు ఉంది. ఒరిజినల్ ముక్కనే ఇసుకలో అచ్చు వేసి ఇత్తడి పోస్తే, చల్లారేటప్పుడు ఇత్తడి సుమారు ఒకటిన్నర శాతం కుదించుకుపోతుంది. 150 మిల్లీమీటర్ల పొడవు ముక్క రెండు మిల్లీమీటర్లకు పైనే తగ్గుతుంది, అప్పుడు పిన్నులు రంధ్రాల్లోకి దిగవు. చాలా కాపీ మోనోగ్రామ్‌లు డిక్కీ మీద కూర్చోకపోవడానికి ఇదొక కారణం. మద్దిలపాలెం వైపు ఒక త్రీడీ ప్రింటింగ్ కుర్రాడు ముక్కని స్కాన్ చేసి, విరిగిన అక్షరాన్ని కంప్యూటర్లో పూర్తి చేసి, ఆ ఒకటిన్నర శాతం పెంచి నమూనా తీసిచ్చాడు. చెప్పిన రోజుకి ఇచ్చాడు, పిన్నులు పోతలో వద్దు, తర్వాత కొలిచి బిగించుకోండని సలహా కూడా ఇచ్చాడు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన సర్వీస్ ఇదే.

నచ్చనిది పూత షాపు, పేరు చెప్పను. నా పాత గ్రిల్ బ్యాడ్జ్ జింక్ పోత అని చెప్పి మరీ ఇచ్చినా, అక్కడి వాళ్లు ఇనుప సామానుతో పాటే యాసిడ్ తొట్టిలో వేశారు. యాసిడ్ జింక్‌ని తినేస్తుంది, అంచులు కరిగిపోయిన ముక్కని కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. అడిగితే పాత సామాను అంతే అన్నారు. జింక్ ముక్కకి ముందు రాగి పూత, గుంటలు నింపి బఫింగ్, ఆ తర్వాతే నికెల్, క్రోమ్ వేయాలి. ఈ వరస వాళ్ల నోటి నుంచి మీరు అడక్కుండానే వస్తే ఇవ్వండి, రాకపోతే వెనక్కి తెచ్చేసుకోండి. తర్వాత వెళ్లిన ఇంకో షాపు ఖరీదెక్కువ, కానీ సముద్రం ఊరు కాబట్టి నికెల్ మందంగా వేయాలని, మెరుపు క్రోమ్‌ది అయినా కాపాడేది నికెలేనని వాళ్లే చెప్పారు. ఆ త్రీడీ నమూనాతో పోయించిన ఇత్తడి మోనోగ్రామ్‌కి పూత అక్కడే వేయించాను, అక్షరాల సందుల్లో కూడా పూత సమానంగా పట్టింది.

ఇంట్లోవాళ్లు వెంట వస్తే వాళ్లని ఆటోనగర్ తిప్పకండి. ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, దాని ఎదురుగా టీయూ-142 విమానం చూసేసరికి సగం రోజు గడిచిపోతుంది, సాయంత్రం మురీ మిక్స్చర్ ఉండనే ఉంది.

పొడవాటి బీడింగ్‌లు రైల్లో చేత్తో తేవద్దు, ఒక్కసారి వంగితే ఆ గీత పోదు. ప్లంబింగ్ షాపులో పీవీసీ పైపు కొని, బీడింగ్‌కి పాత బట్ట చుట్టి అందులో దోపి, రెండు వైపులా మూతలు బిగించి కాంప్లెక్స్‌లో ఆర్టీసీ కార్గోకి ఇచ్చాను. క్షేమంగా చేరింది. మోనోగ్రామ్ మాత్రం చేతి సంచిలోనే తెచ్చుకున్నాను, మేస్త్రి గారి విరిగిన ముక్కని రైలెక్కే ముందే కంచరపాలెం వెళ్లి ఇచ్చేశాను. ఎడమ తలుపు బీడింగ్ ఇంకా దొరకలేదు. ఆటోనగర్ పెద్దాయన నా ఫోన్ నంబరు తీసుకున్నారు, పాత బండి ఏదైనా వస్తే కబురు చేస్తానన్నారు.