అమ్మ కోసం కొన్న పెద్ద అక్షరాల తెలుగు బైబిలు, నా రివ్యూ

పెద్దవాళ్ల కోసం బైబిలు కొనాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. అట్ట చూసి కొనకండి, జిప్పు చూసి కొనకండి. పుస్తకం మధ్యలో కీర్తనల దగ్గర తెరిచి, చదవబోయే మనిషి చేతికే ఇచ్చి నాలుగు వచనాలు చదివించి అప్పుడు కొనండి. మేము హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో తీసుకున్నాం. అందరికీ అలవాటైన పాత అనువాదమే, 66 పుస్తకాలు, నల్ల జిప్పు కవరు, పక్కన పుస్తకాల పేర్లతో ఇండెక్సు, వెయ్యి రూపాయల లోపే వచ్చింది. షాపాయన విసుక్కోకుండా రకరకాల సైజులు తీసి ముందు పెట్టిండు. అమ్మ ఒకదాన్ని తెరిచి, కళ్లద్దాలు సర్దుకోకుండానే రెండు వచనాలు చదివి, "బిడ్డా, ఇది మంచిగ కనబడుతుంది" అన్నది. ఇక వేరేవి చూడలేదు.

అప్పుడు కొనడానికి కారణం బాపుకు, అంటే మా నాన్నకు, గుండె ఆపరేషన్ చేయాలనడం. బాపు భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మనిషి. రాత్రి షిఫ్టుకు బయల్దేరేటప్పుడు అమ్మ టిఫిన్ డబ్బా చేతికిస్తూ 121వ కీర్తన చివరి వచనం, "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అని చెప్పి పంపేది. ఏ షిఫ్టయినా ఆ మాట వినకుండా బాపు గడప దాటేవాడు కాదు. అన్నేళ్లు భూమి లోపలికి దిగి వచ్చిన మనిషి ఆపరేషన్ మాట వినగానే సరిగ్గా అన్నం తినడం మానేసిండు. అమ్మకు ఇంకా టెన్షన్. షుగరు వల్ల చూపు తగ్గింది, పాత బైబిల్లో అక్షరాలు కళ్లకు ఆనడం లేదు, వచ్చినవేవో నోటికి చెప్పుకునేది గానీ కొత్తగా ఏ అధ్యాయమూ చదవలేకపోయేది.

అప్పటిదాకా ఇంట్లో ధైర్యం కోసం చూసుకునేవి వాగ్దాన కార్డులు, గోడ మీది క్యాలెండరు. వాటిని తక్కువ చేసి మాట్లాడను, మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. కానీ కార్డు మీద ఒక్క వాక్యమే ఉంటుంది, దాని ముందూ వెనకా ఏం జరిగిందో ఉండదు. "దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యము తెచ్చుకొనెను" అన్న వచనం మా కార్డుల్లో ఒకటి, ఏళ్ల తరబడి చూసిందే. ఆపరేషన్ రోజు, థియేటర్ బయట కుర్చీల్లో కూర్చున్నప్పుడు అమ్మ కొత్త బైబిలు తెరిచి మొదటి సమూయేలు 30వ అధ్యాయం మొత్తం చదివింది. వేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కో లైను, పక్క కుర్చీలో ఉన్నామెకు కూడా వినపడేలా.

ఆ అధ్యాయంలో ఏముందో చూడండి. దావీదు, ఆయన మనుషులు సిక్లగుకు తిరిగొచ్చేసరికి ఊరు కాలిపోయి ఉంది, అమాలేకీయులనే శత్రువులు భార్యల్ని, పిల్లల్ని ఎత్తుకుపోయారు. ఏడ్వడానికి ఓపిక లేనంతగా ఏడ్చారు. ఆ పైన సొంత మనుషులే దావీదును రాళ్లతో కొట్టి చంపుదామంటున్నారు. సరిగ్గా అక్కడే వస్తుంది ఆ వచనం. అంటే ధైర్యం తెచ్చుకునే టైముకు ఒక్క సమస్యా తీరలేదు, పోయినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. తర్వాత తరుముకుంటూ వెళ్లిన 600 మందిలో 200 మంది అలసిపోయి బెసోరు వాగు దాటలేక ఇవతలే ఆగిపోతారు. గెలిచి తిరిగొచ్చాక యుద్ధానికి రానివాళ్లకు సొమ్ములో పాలు ఇవ్వొద్దని కొందరు అంటే దావీదు ఒప్పుకోడు, సామాను దగ్గర ఆగినవాళ్లకూ సమానంగా ఇప్పిస్తాడు. అమ్మ అక్కడ ఆగి మళ్లీ చదివింది. లోపల బాపు దగ్గర ఏమీ చేయలేక బయట కూర్చున్న మాకు ఆ 200 మంది సంగతి ఎంత అవసరమో చెప్పలేను. ఆ భాగం ఏ కార్డు మీదా నేను చూడలేదు.

ఇంకో మాట, ఇది ఆ రోజుల్లో నన్ను బాగా బాధపెట్టింది కాబట్టి రాస్తున్నా. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరిద్దరు "భయపడితే విశ్వాసం లేనట్టే" అన్నారు. ఇది బైబిలు చెప్పే మాట కాదు. 56వ కీర్తనలో "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని ఉంది, భయం లేని రోజు గురించి కాదు అది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా వేధించే బాధను తీసేయమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. లూకా సువార్త 22లో యేసు ప్రభువే ఈ గిన్నె, అంటే తనకు రాబోయే శ్రమ, తొలగించమని ప్రార్థిస్తాడు, ఒక దూత వచ్చి ఆయనను బలపరుస్తాడు, గిన్నె మాత్రం తొలగిపోలేదు. ఆపరేషన్ బాగా జరిగింది, దేవునికి స్తోత్రం, కానీ జరగకపోయినా ఈ వచనాలు ఇలాగే ఉండేవి. బాపును భయపడొద్దని ఎవరూ కసరకుండా, భయంతోనే ప్రార్థన చేసుకోనిచ్చింది అమ్మ. ఆయన కొంచెం అన్నం తిన్నది కూడా ఆ తర్వాతే.

ఇక పుస్తకంలో నచ్చనివి. బరువు చాలా ఎక్కువ, పడుకొని చదవడం అయ్యే పని కాదు, ఒళ్లో దిండు పెట్టుకొని దాని మీద పెట్టాల్సిందే. కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు లీలగా కనిపిస్తాయి, రాత్రి బల్బు వెలుతుర్లో ఇంకా ఎక్కువ. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, సువార్తల్లో యేసు మాటలు ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి, చూపు తగ్గినవాళ్లకు అవి మసకగా కనిపిస్తున్నాయి. అమ్మ మత్తయి 6 చదవాలంటే పగలు వాకిట్లో కూర్చోవాల్సి వస్తుంది. అంతా నల్ల అక్షరాలే ఉన్నది దొరికితే అదే తీసుకోండి. జిప్పు కూడా మూల దగ్గర పట్టేస్తుంది, మెల్లగా లాగాలి.

చదువు రానివాళ్లకు ఇంత డబ్బు పెట్టి ఇది కొనడం కంటే ఫోన్లో ఆడియో బైబిలు పెట్టివ్వడం మంచిది. మా నాయనమ్మ వాళ్లది డోర్నకల్ వైపు. ఆమెకు ఒక్క అక్షరం రాదు, కీర్తనలు మాత్రం విని విని నోటికి వచ్చేవి. కాబట్టి చదవలేకపోతే ధైర్యం దొరకదని కాదు, చదవగలిగే మనిషికి అక్షరాలు కనపడకపోతే మాత్రం ఇది తప్పకుండా కొనివ్వండి.

బాపు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నడు, మెట్లెక్కాలంటే ఇంకా జంకుతున్నడు. ఈ బరువు ఆయన ఎత్తకూడదు కాబట్టి ఆయనకు కొత్త నిబంధన, కీర్తనలు మాత్రమే ఉండే పెద్ద అక్షరాల పుస్తకం తెద్దామనుకుంటున్నాం. వరంగల్లో గానీ కాజీపేటలో గానీ అంతా నల్ల అక్షరాలతో అలాంటిది ఎక్కడైనా చూసి ఉంటే కింద రాయండి.